హాజరు పట్టీ నుంచి ఇంటర్నెట్ దాకా: ఆఫీసులో సొంత పని

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత ఆఫీసు ముచ్చట రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, పింఛను లెక్కల గురించి రాద్దామనుకున్నాను. ఆ రోజు సాయంత్రమే మా పెద్దమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేసింది. ఆమె ఒక ప్రైవేటు కంపెనీలో పన్నెండు మందికి పైఅధికారి. "నాన్నా, మా దగ్గర ఒకబ్బాయి ఆఫీసు కంప్యూటరు మీద రోజూ గంటలకొద్దీ సొంత వ్యవహారాలు చూసుకుంటున్నాడు. ఏమేం చూస్తున్నాడో జాబితా తీసి మీటింగులో పెట్టమంటున్నారు. మీరైతే ఏం చేసేవారు?" అని అడిగింది. సరిగ్గా అలాంటి పని నేనొకసారి చేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. ఆమెకు చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను. అయితే కొంచెం వెనక నుంచి మొదలుపెట్టాలి.

ఆఫీసు వేళలో సొంత పని అనేది కంప్యూటరుతో పుట్టినది కాదని మీకు నేను చెప్పనక్కరలేదు. 1972లో నేను లోయర్ డివిజన్ క్లర్కుగా చేరేనాటికి ఆ కళ బాగా ముదిరి ఉంది. ఉదయం పేపరు చేతులు మారుతూ సెక్షనంతా తిరిగి, మధ్యాహ్నానికి నలిగిపోయి రికార్డు రూము చేరేది. చీటీల లెక్కలు ఆఫీసు కాగితం మీదే జరిగేవి. పిల్లల ఉద్యోగాల దరఖాస్తులు ఆఫీసు టైపు మిషను మీదే తయారయ్యేవి. పదీ పదికి హాజరు పట్టీ అధికారి గదిలోకి వెళ్లిపోయేది. మూడు రోజులు ఆలస్యమైతే ఒక క్యాజువల్ లీవు ఎగిరిపోయేది. మనిషి వచ్చాడా లేదా అన్నది హాజరు పట్టీ చెప్పేది గాని, వచ్చి ఏం చేశాడన్నది చెప్పలేకపోయేది.

టెలిఫోను సంగతి వేరు, దానికి డబ్బు ముడిపడి ఉంది. మన దేశంలో ఎస్.టి.డి. మొదట 1960లో లక్నో, కాన్పూరుల మధ్య వచ్చింది. జిల్లా ఆఫీసుల్లో మాత్రం చాలా ఏళ్లు ట్రంకు కాల్సే గతి. ఆర్డినరీ, అర్జంటు, లైట్నింగ్ అని తరగతులు, మూడు నిమిషాల లెక్క. బుక్ చేసి పూటంతా కాచుకుని కూర్చునేవాళ్లం. ఆఫీసు ఫోను పక్కన ట్రంకు కాల్ రిజిస్టరు ఉండేది. తేదీ, ఊరు, నంబరు, ఆఫీసు పనా సొంత పనా అన్న గడి. సొంతదైతే ఆ మొత్తం జీతంలోంచి వసూలు. ఆ రిజిస్టరులో లేనిదేమిటో గమనించండి. ఏం మాట్లాడారన్న గడి లేదు. కూతురి కాన్పు కబురైనా, పొలం తగాదా అయినా ఆఫీసుకు అనవసరం. ఎంత సేపు, ఎంత ఖర్చు అన్నదే కావాలి. అందులో ఎంత మర్యాద ఉందో అప్పుడు నాకు తెలియలేదు.

అంతకన్నా గట్టి సాధనం మరొకటి ఉండేది. మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర జిల్లాలకు వచ్చిన టాటెన్‌హామ్ పద్ధతి మీలో చాలామందికి కంఠతా వచ్చే ఉంటుంది. టాటెన్‌హామ్ ఒక ఐ.సి.ఎస్. అధికారి. ఆయన పేరున్న ఈ పద్ధతిలో ప్రతి గుమాస్తాకూ ఒక పర్సనల్ రిజిస్టరు. వచ్చిన ప్రతి కరెంటూ దానిలో ఎక్కాలి. ఏ తేదీన వచ్చింది, ఎప్పుడు పైకి పెట్టాడు, ఏం ఉత్తర్వు అయింది, ఎక్కడ ఆగింది అన్నీ అందులో ఉండాలి. సూపరింటెండెంటు వాయిదా ప్రకారం దాన్ని తనిఖీ చేయాలి. పెండింగు జాబితా తీయాలి. గుమాస్తా పేపరు చదివాడా, నిద్రపోయాడా అని వెనక నుంచి తొంగి చూడనక్కరలేదు. పని కదలకపోతే రిజిస్టరే పట్టిచ్చేది. మనిషిని కాక పనిని చూసే పద్ధతి అది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. సంస్థ ఇంటర్నెట్‌ను ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. మన రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ శాఖలో 'కార్డ్' పథకం మొదలైంది. 2001లో ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి. నేను సూపరింటెండెంటుగా ఉన్న సెక్షనుకు 2003లో ఒక కంప్యూటరు, దానికి టెలిఫోను లైను మీద నడిచే ఇంటర్నెట్ వచ్చాయి. అది నడుస్తున్నంత సేపూ ఆఫీసు ఫోను ఎంగేజి. బయటి నుంచి రైతు చేసినా, కలెక్టరు ఆఫీసు వాళ్లు చేసినా దొరికేది కాదు.

2004 వేసవిలో ఫోను బిల్లు ఎప్పుడూ లేనంతగా వచ్చింది. అధికారి నన్ను పిలిచి ఎవరో తేల్చమన్నారు. కంప్యూటరు దగ్గర కూర్చునేది ఒక జూనియర్ అసిస్టెంటు. చురుకైనవాడు, తండ్రి లేనివాడు. రోజుకు రెండు గంటలు సొంత పనికి లైను వాడుతున్న మాట నిజం. నేను అతన్ని గదిలోకి పిలిచి అడగలేదు. అతను సెలవులో ఉన్న రోజున ఆపరేటరు చేత అతను చూసిన సైట్ల జాబితా ప్రింటు తీయించాను. మర్నాడు సెక్షను అందరి ముందూ పైకి చదివాను. క్రికెట్టు స్కోర్లు, సినిమా కబుర్లు, మధ్యలో పెళ్లి సంబంధాల సైటు, అది మాత్రం ఇరవైసార్లకు పైగా ఉంది. సెక్షనంతా నవ్వింది. నేనూ నవ్వాను. నాలుగు రోజులు అతన్ని 'పెళ్లికొడుకా' అని పిలిచారు. సంజాయిషీ అడిగాం, చివరకు సెన్షూర్ పడింది. కాగితం మీద అంతా నిబంధన ప్రకారమే జరిగింది.

ఆ సంబంధాలు అతనికి కాదు. కాపురం నిలవక విడాకులు తీసుకుని పుట్టింటికి వచ్చిన చెల్లెలికి. ఆ సంగతి వాళ్లు బంధువులకు కూడా పూర్తిగా చెప్పుకోలేదు. ఎవరికోసం వెతుకుతున్నాడని మావాళ్లు ఆరా తీసి, వారం తిరగకుండా ఊరంతా చెప్పేశారు. మూడు నెలల తర్వాత వార్షిక తనిఖీకి పెండింగు జాబితా తీస్తే అతని పేరున ఉన్నవి నాలుగు కాగితాలు. ఆ రోజు అందరికన్నా గట్టిగా నవ్విన పెద్దమనిషి, రోజూ పేపరు పూర్తిగా చదివేవాడు, అతని పేరున ముప్పై ఏడు. బదిలీ అయి వెళ్లే రోజున ఆ కుర్రవాడు నా బల్ల దగ్గరకు వచ్చి, "సార్, మీరు నా పర్సనల్ రిజిస్టరు చూడవలసింది. నా పర్సనల్ సంగతులు చూశారు" అన్నాడు. నాకు సమాధానం తోచలేదు. ఇప్పటికీ తోచలేదు.

రిటైరయ్యాక తీరిక దొరికి, ఇతర దేశాలలో ఇలాంటివి ఎలా తేల్చారో చదివాను. 2006లో న్యూయార్కు నగరంలో రెండు సంగతులు జరిగాయి. మేయరు బ్లూమ్‌బర్గ్ ఆల్బనీలోని నగర కార్యాలయానికి వెళ్లినప్పుడు ఒక ఉద్యోగి కంప్యూటరు తెర మీద పేకాట కనబడింది. ఆ ఉద్యోగి కొలువు పోయింది. అదే ఏడాది విద్యాశాఖ ఉద్యోగి ఒకరు వద్దన్నా వినకుండా వార్తల సైట్లు, ప్రయాణాల సైట్లు చూస్తున్నాడన్న అభియోగం జాన్ స్పూనర్ అనే పరిపాలనా న్యాయాధికారి ముందుకు వచ్చింది. ఈ కాలంలో ఇంటర్నెట్ అంటే పేపరు, టెలిఫోను వంటిదేననీ, పనికి అడ్డు రానంత వరకు ఫోనుకు ఏ నియమమో దీనికీ అదే నియమమనీ ఆయన అన్నారు. మందలింపు చాలని సిఫారసు చేశారు. మన ట్రంకు కాల్ రిజిస్టరు న్యాయం కూడా అదే కదా!

మరొకటి రుమేనియా దేశపు బర్బులెస్కు కేసు. ఖాతాదారులకు జవాబులివ్వడానికి కంపెనీ కోరిక మీద అతను యాహూ మెసెంజరులో ఖాతా తెరిచాడు. 2007 జూలైలో కంపెనీ దాన్ని కొన్నాళ్లు కనిపెట్టి చూసింది. ఆఫీసు పనికే వాడానని అతను రాసిచ్చాడు. అప్పుడు కంపెనీ 45 పేజీల ప్రింటు ముందు పెట్టింది. కాబోయే భార్యతో, అన్నదమ్ముడితో మాటలు, కొన్ని అతి సొంతమైనవి. ఆగస్టు 1న ఉద్యోగం పోయింది. సొంత వాడకం కూడదన్న నియమం అక్కడ ఉంది, అతను చెప్పినదీ అబద్ధమే. రుమేనియా కోర్టులలో ఓడాడు. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరపు మానవ హక్కుల న్యాయస్థానంలో 2016లో కూడా ఓడాడు. చివరకు 2017 సెప్టెంబరు 5న అక్కడి విస్తృత ధర్మాసనం 11 మంది ఒకవైపు, ఆరుగురు మరోవైపుగా అతని పక్షాన తీర్పిచ్చింది. నియమం ఉన్నా ఆఫీసులో మనిషి సొంత బతుకును సున్నా చేయడానికి వీలు లేదన్నది. కనిపెట్టి చూస్తామని ముందుగా చెప్పారా? ఎంత లోతుకు చూశారు? తగిన కారణం ఉందా? అంతకన్నా తక్కువ చొరబాటుతో పని జరగదా? చూసినదాన్ని దేనికి వాడారు? ఉద్యోగికి రక్షణ ఏముంది? ఈ ప్రశ్నలు వేసుకోవాలన్నది. ఆరింటిలో ఒక్కటి కూడా నేను 2004లో వేసుకోలేదు.

దానికి సరిగ్గా పన్నెండు రోజుల ముందు, 2017 ఆగస్టు 24న, మన సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. అది ఆధార్ మీద వచ్చిన కేసు, ఆఫీసు కంప్యూటర్ల గురించి కాదు. కాని ఆ పిటిషను వేసిన జస్టిస్ పుట్టస్వామిగారు రిటైరైన హైకోర్టు న్యాయమూర్తి. 2012లో వేసేనాటికి ఎనభై దాటిన పెద్దాయన. పింఛనుదారులం ఆ మాట గర్వంగా చెప్పుకోవచ్చు.

ఇదంతా చెప్పి ఉద్యోగి ఏం చేసినా ఊరుకోవాలనడం లేదు. మన 1964 నాటి ప్రవర్తనా నియమావళి విధినిష్ఠ ఉండాలన్నది ఊరికే కాదు. ఆ రెండు గంటలు ఫోను దొరకక తిరిగి వెళ్లిన రైతుకు జరిగిన నష్టం నిజమైనదే. నేను ఆ కుర్రవాణ్ణి అడగడం తప్పు కాదు, అడిగిన తీరు తప్పు. ముందు పని చూడాలి. పని ఆగితే ఆగిన పని గురించే అడగాలి. ఇంత సేపు మించకూడదు, ఇన్ని గంటల మధ్య లైను తీయకూడదు అని అందరికీ ఒకేలా, ముందుగా, రాతపూర్వకంగా చెప్పాలి. తప్పు చేసినవాణ్ణి ఒంటరిగా పిలిచి మాట్లాడాలి. ఎంత సేపు అన్నదానితో సరిపోతే ఏమిటి అన్నదాని జోలికి పోకూడదు. ఇక మన పిల్లలకు, మనవలకు చెప్పవలసిన మాట ఒకటుంది. ఆఫీసు యంత్రం ఆఫీసుదే. ఇంటి గుట్టు, బ్యాంకు లెక్క, వైద్యుడి కాగితం దాని మీద పెట్టవద్దని చెప్పండి.

మా అమ్మాయి అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జాబితా తీయను నాన్నా" అంది. ఆ అబ్బాయిని విడిగా పిలిచి మాట్లాడిందట. ప్రతి సోమవారం ఎవరి దగ్గర ఏ పని ఉందో అందరిదీ రాసి పెడుతోందట. సగం దారికి వచ్చాడు, సగం ఇంకా ఉందని మొన్న చెప్పింది. ఆ సోమవారం పట్టికకు ఆమె ఏదో ఇంగ్లీషు పేరు పెట్టుకుంది. నాకు మాత్రం అది పర్సనల్ రిజిస్టరే.

ఆ జూనియర్ అసిస్టెంటు ఇప్పుడు పెద్ద హోదాలోనే ఉండి ఉంటాడు. ఈ సంచిక ఎవరి ద్వారానైనా అతని చేతికి అందితే, ఆ రోజు నేను చెప్పలేకపోయిన సమాధానం ఇదేనని మనవి.