ఇన్-ఇయర్ హెడ్‌ఫోన్

ఇన్-ఇయర్ హెడ్‌ఫోన్ అనేది చెవి నాళపు ముఖద్వారంలో అమర్చుకొని ధ్వనిని వినడానికి ఉపయోగించే చిన్న పరికరం. వాడుకలో దీనిని ఇయర్‌ఫోన్ అని, ఇయర్‌బడ్స్ అని పిలుస్తారు. సంగీత కళాకారులు వేదికపై తమ పాటను తాము వినడానికి వాడే రకాన్ని ఇన్-ఇయర్ మానిటర్ అంటారు. చెవి డొప్పలో వదులుగా నిలిచే పాత తరహా ఇయర్‌ఫోన్‌కు, దీనికి ముఖ్యమైన భేదం ఒకటి ఉంది. ఇది చెవి నాళాన్ని మూసివేసి బయటి శబ్దాన్ని చాలావరకు ఆపుతుంది. మంచి పరికరాన్ని ఎంచుకోవడంలోను, దానికి అలవాటు పడటంలోను, వినికిడిని కాపాడుకోవడంలోను ఈ మూసివేతదే ప్రధాన పాత్ర. రైలు, బస్సు ప్రయాణాలు, గనులు, లోహపు పనులు ఉన్న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి ప్రాంతాలలో దీని వలన కలిగే మేలు, కీడు రెండూ గమనించదగినవి.

చరిత్ర

ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ఎర్నెస్ట్ మెర్కాడియే 1891లో చెవిలో పెట్టుకొనే తేలికపాటి టెలిఫోన్ రిసీవరుకు అమెరికాలో పేటెంటు పొందాడు. ఇన్-ఇయర్ పరికరాలకు దీనిని ఆద్యంగా భావిస్తారు. 1910 ప్రాంతంలో నతానియేల్ బాల్డ్‌విన్ తయారుచేసిన హెడ్‌ఫోన్లను అమెరికా నౌకాదళం వాడింది. అవి తలపై పెట్టుకొనే బరువైన పరికరాలు. 1979లో సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేసిన తరువాత నడుస్తూ, ప్రయాణిస్తూ పాటలు వినడం సామాన్యమైంది.

1983లో మీడ్ కిలియన్ స్థాపించిన ఎటిమోటిక్ రీసెర్చ్ సంస్థ మొదట వినికిడి పరీక్షల కొరకు చెవిలో అమర్చే ఇయర్‌ఫోన్లను రూపొందించింది. ఆ అనుభవంతో 1991లో సంగీతం వినేవారి కొరకు ఈఆర్-4 అనే నమూనాను తెచ్చింది. 1995లో జెర్రీ హార్వే అనే సౌండ్ ఇంజనీరు వాన్ హాలెన్ సంగీత బృందంలోని డ్రమ్ వాద్యకారుని కొరకు ఇన్-ఇయర్ మానిటర్లు తయారుచేశాడు. అల్టిమేట్ ఇయర్స్ సంస్థ దీని నుండే పుట్టింది. 2001లో ఐపాడ్, ఆ తరువాత స్మార్ట్‌ఫోన్లు రావడంతో వీటి వాడకం ప్రపంచమంతా వ్యాపించింది. 2016లో ఆపిల్ సంస్థ ఐఫోన్-7 నుండి 3.5 మిల్లీమీటర్ల జాక్‌ను తొలగించి, తీగలేని ఎయిర్‌పాడ్స్‌ను విడుదల చేసింది. అప్పటి నుండి బ్లూటూత్ రకాల వాడకం వేగంగా పెరిగింది.

నిర్మాణం

పరికరంలో ధ్వనిని పుట్టించే భాగాన్ని డ్రైవర్ అంటారు. ఇందులో ముఖ్యమైన రకాలు ఇవి.

* డైనమిక్ డ్రైవర్: అయస్కాంతం, తీగచుట్ట, పలుచని పొర ఉంటాయి. పెద్ద స్పీకరు పనిచేసే సూత్రంపైనే పనిచేస్తుంది. మంద్ర ధ్వనులను సహజంగా వినిపిస్తుందని పేరు.
* బ్యాలన్స్‌డ్ ఆర్మేచర్: అయస్కాంత క్షేత్రంలో కంపించే సన్నని లోహపు రేకు దీనిలో ప్రధానం. ఇది వినికిడి యంత్రాల నుండి వచ్చినది. పరిమాణంలో చాలా చిన్నది కాబట్టి ఒకే ఇయర్‌ఫోన్‌లో రెండు, మూడు లేక అంతకంటే ఎక్కువ అమర్చవచ్చు.
* ప్లేనార్ మాగ్నెటిక్: పలుచని పొరపైనే విద్యుత్ మార్గాన్ని పరచి, దానిని అయస్కాంతాల మధ్య ఉంచుతారు.

రెండు రకాలను కలిపి వాడితే దానిని హైబ్రిడ్ అంటారు. డ్రైవర్ల సంఖ్య ఎక్కువైనంత మాత్రాన నాణ్యత పెరగదు. వాటిని ఎలా సమన్వయపరచారు అన్నదే ముఖ్యం.

మూసివేత ప్రాధాన్యం

పెద్దవారిలో చెవి నాళం పొడవు సుమారు 25 మిల్లీమీటర్లు. దాని మొదటి భాగం మృదులాస్థితోను, లోపలి భాగం ఎముకతోను ఏర్పడి ఉంటుంది. నాళపు ఆకారం మనిషికీ మనిషికీ, ఒకే మనిషిలో కుడి ఎడమ చెవులకు కూడా వేరుగా ఉండవచ్చు. ఇయర్‌ఫోన్ మొనకు తొడిగే రబ్బరు తొడుగు నాళాన్ని పూర్తిగా మూసినపుడే మంద్ర ధ్వనులు సరిగా వినిపిస్తాయి. చిన్న సందు ఉన్నా అవి బయటకు పోతాయి. ఎంత ఖరీదైన పరికరమైనా అప్పుడు పలుచగా, గీరుగా వినిపిస్తుంది.

దీనికి రెండవ ప్రయోజనం ఇంకా ముఖ్యమైనది. బాగా అమరిన తొడుగు బయటి శబ్దాన్ని సుమారు 20 నుండి 30 డెసిబెళ్ళ వరకు తగ్గించగలదు. వదులుగా ఉన్నది దాదాపు ఏమీ తగ్గించదు. కాబట్టి శబ్దం ఉన్న చోట వదులు ఇయర్‌ఫోన్ పెట్టుకొన్న వ్యక్తి ఆ శబ్దాన్ని మించేలా ధ్వనిని పెంచుకొంటాడు. సరిగా అమరినది పెట్టుకొన్న వ్యక్తి అదే పాటను తక్కువ ధ్వనిలో స్పష్టంగా వినగలడు. నాయిస్ క్యాన్సెలింగ్ సదుపాయం ఇంజను హోరు వంటి ఎడతెగని మంద్ర శబ్దాలపై బాగా పనిచేస్తుంది. మాటలపై, హఠాత్తుగా వచ్చే శబ్దాలపై దాని ప్రభావం తక్కువ.

ఎంపిక

ఇన్-ఇయర్ హెడ్‌ఫోన్‌ను ఎంచుకొనేటపుడు గమనించవలసిన అంశాలు:

1. తొడుగులు: చిన్న, మధ్య, పెద్ద పరిమాణాల తొడుగులు పెట్టెలో ఉండాలి. సిలికాన్ తొడుగులు మన్నుతాయి, కడగవచ్చు. నురుగు తొడుగులను వేళ్ళతో నలిపి చెవిలో పెడితే అవి వ్యాకోచించి నాళాన్ని మూస్తాయి. అవి శబ్దాన్ని బాగా ఆపుతాయి కాని త్వరగా పాడవుతాయి.
2. ఆకారం, బరువు: పరికరపు అంచు చెవి డొప్పను ఒత్తరాదు. తీగ చెవి మీదుగా వెనుకకు వెళ్ళే రకంలో తీగ రాపిడి చప్పుడు తక్కువగా వినిపిస్తుంది.
3. తీగ: విడదీసి మార్చుకోదగిన తీగ ఉంటే, అది తెగినపుడు మొత్తం పరికరాన్ని పారవేయవలసిన అవసరం ఉండదు. తీగలేని వాటిలో బ్యాటరీ కొన్ని సంవత్సరాలకు బలహీనపడుతుంది.
4. సున్నితత్వం, అవరోధం: 16 నుండి 32 ఓముల అవరోధం గల సాధారణ పరికరాలను ఫోన్ తేలికగా నడపగలదు. ఫోన్‌కు 3.5 మిల్లీమీటర్ల జాక్ లేనపుడు యూఎస్‌బీ-సీ అడాప్టరు అవసరమవుతుంది.
5. పౌనఃపున్య పరిధి: మనిషి చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. పెట్టెపై 40,000 హెర్ట్జ్‌లు అని ముద్రించినంత మాత్రాన నాణ్యత ఎక్కువని అర్థం కాదు.

2020ల నాటికి రెండు, మూడు వేల రూపాయల లోపే మంచి తీగ ఇయర్‌ఫోన్లు లభిస్తున్నాయి. అంతకు మించి పెట్టే ధరలో కొంత నిర్మాణానికి, కొంత అందానికి, కొంత పేరుకు పోతుంది. ధర పది రెట్లు పెరిగితే నాణ్యత పది రెట్లు పెరగదు.

పరీక్షించడానికి బాగా పరిచయమైన పాటలనే వినాలి. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య (1935–2017) పేరు తెచ్చిన ఒగ్గుకథ వంటి ప్రదర్శనల ధ్వనిముద్రణలు ఇందుకు అనువైనవి. డోలు దెబ్బ మంద్ర ధ్వనులను, తాళాల మోత తార ధ్వనులను, కథకుని గొంతు మధ్యస్థ ధ్వనులను పరీక్షిస్తాయి. మంచి పరికరంలో డోలు మోగుతున్నపుడు కూడా కథకుని మాట మునిగిపోదు. తెలుగు మాటలలోని స, శ, ష అక్షరాల భేదం తెలియాలి. కాని అవి చెవిని గుచ్చరాదు. రెండు పరికరాలను పోల్చేటపుడు ధ్వని స్థాయిని సమానంగా ఉంచాలి. కొద్దిగా బిగ్గరగా మోగేది మెరుగైనదిగా తోచడం మనిషి స్వభావం.

అలవాటు పడటం

మొదటి దినాలలో చెవి నిండినట్లు, బరువుగా ఉన్నట్లు అనిపిస్తుంది. తన గొంతు తనకే గుమ్మటంలో మాట్లాడినట్లు వినిపిస్తుంది. అడుగుల చప్పుడు, నమిలే చప్పుడు కూడా వినిపిస్తాయి. నాళం మూసుకొన్నపుడు ఎముకల ద్వారా వచ్చే ధ్వని బయటకు పోలేకపోవడమే దీనికి కారణం. ఇది లోపం కాదు. మొదట రోజుకు 20 లేక 30 నిమిషాలు మాత్రమే వాడి, క్రమంగా పెంచుకొంటే ఒకటి రెండు వారాలలో ఇబ్బంది తగ్గుతుంది.

పెట్టుకొనే పద్ధతి: ఒక చేతిని తల వెనుక నుండి తెచ్చి చెవి డొప్పను మెల్లగా పైకి, వెనుకకు లాగాలి. అప్పుడు నాళం తిన్నగా అవుతుంది. రెండవ చేతితో ఇయర్‌ఫోన్‌ను కొద్దిగా తిప్పుతూ లోపల అమర్చాలి. మెల్లగా నొక్కినపుడు మంద్ర ధ్వని హఠాత్తుగా పెరిగితే మూసివేత సరిగా లేదని అర్థం. అప్పుడు తొడుగు పరిమాణం మార్చాలి. తీసేటపుడు లాగివేయక, తిప్పుతూ నెమ్మదిగా తీయాలి. నొప్పి కలిగితే ఓర్చుకొని అలవాటు చేసుకోరాదు. నొప్పి పరిమాణం సరిపడలేదనడానికి గుర్తు.

కొత్త పరికరాన్ని అనేక గంటలు మోగిస్తే దాని ధ్వని మెరుగుపడుతుందని కొందరు నమ్ముతారు. కొలతలలో కనిపించే మార్పు సాధారణంగా స్వల్పం. ఎక్కువగా మారేది వినేవారి మెదడు. అది కొత్త ధ్వని తీరుకు కొద్ది దినాలలో సర్దుకొంటుంది. కాబట్టి తొలి గంటలోనే పరికరం మంచిదో కాదో తేల్చరాదు.

అయితే అలవాటులో ప్రమాదకరమైనది కూడా ఒకటి ఉంది. చెవి బిగ్గర ధ్వనికి కూడా అలవాటు పడుతుంది. నిన్న సరిపోయిన స్థాయి నేడు తక్కువగా తోస్తుంది. పరికరానికి అలవాటు పడటం వేరు, తీవ్రతకు అలవాటు పడటం వేరు. రెండవది జరుగుతున్నదని తెలిస్తే వెంటనే ధ్వనిని తగ్గించాలి.

వినికిడి రక్షణ

లోపలి చెవిలోని కర్ణావర్తంలో సూక్ష్మమైన రోమ కణాలు ఉంటాయి. మనిషిలో ఇవి ఒకసారి నశిస్తే తిరిగి పుట్టవు. తీవ్ర శబ్దం వలన మొదట 4,000 హెర్ట్జ్‌ల పరిసరాలలో వినికిడి తగ్గుతుంది. అందువలన రోగికి మాటలు వినిపిస్తాయి కాని హల్లుల భేదం తెలియక అర్థం కావు. తరగతి గదిలో విద్యార్థికి ఇది పెద్ద నష్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2018లో రూపొందించిన ప్రమాణం ప్రకారం పెద్దలకు వారానికి 80 డెసిబెళ్ళ వద్ద 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెళ్ళ వద్ద 40 గంటలు పరిమితి. ప్రతి 3 డెసిబెళ్ళ పెరుగుదలకు వ్యవధి సగమవుతుంది. పెద్దలకు ఈ లెక్క ఇలా ఉంటుంది:

* 80 డెసిబెళ్ళు – వారానికి 40 గంటలు
* 83 డెసిబెళ్ళు – 20 గంటలు
* 86 డెసిబెళ్ళు – 10 గంటలు
* 89 డెసిబెళ్ళు – 5 గంటలు
* 92 డెసిబెళ్ళు – రెండున్నర గంటలు
* 95 డెసిబెళ్ళు – 1 గంట 15 నిమిషాలు

చెవిలో హోరు, మాటలు మూసుకుపోయినట్లు వినిపించడం తొలి హెచ్చరికలు. ఒక చెవిలో హఠాత్తుగా వినికిడి తగ్గితే ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి. వరంగల్‌లోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి ఈ ప్రాంతానికి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి. మహబూబాబాద్‌లో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. జనగామ సికింద్రాబాదు–కాజీపేట రైలు మార్గంపై, మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ మార్గంపై ఉన్నాయి. ఈ మార్గాలలో నిత్యం ప్రయాణించే విద్యార్థులు, ఉద్యోగులు కిటికీలు తెరచిన పెట్టెలలో ఇయర్‌ఫోన్లు వాడేటపుడు రైలు హోరును మించేలా ధ్వని పెంచడం సహజం. భూపాలపల్లి నుండి వరంగల్ వైపు బస్సులో వెళ్ళేవారి పరిస్థితి కూడా ఇంతే. సరైన తొడుగు ఇక్కడ విలాసం కాదు, రక్షణ.

భూపాలపల్లిలో సింగరేణి సంస్థకు చెందిన కాకతీయ ఖని బొగ్గు గనులు, చెల్పూరు వద్ద 500, 600 మెగావాట్ల యూనిట్లు గల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. భారతదేశంలో గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఎనిమిది గంటల పనికి 85 డెసిబెళ్ళను హెచ్చరిక స్థాయిగా, 90 డెసిబెళ్ళను ప్రమాద స్థాయిగా నిర్దేశించింది. సంగీతపు ఇయర్‌ఫోన్ చెవి రక్షణ పరికరం కాదు. పనిచోట ధ్రువీకరించిన ఇయర్‌ప్లగ్ లేక ఇయర్‌మఫ్ మాత్రమే వాడాలి. షిఫ్టులో శబ్దాన్ని భరించిన చెవికి ఇంటిదారిలో పాటల మోత మరింత భారమవుతుంది. జనగామ సమీపంలోని పెంబర్తిలో ఇత్తడి రేకులపై సుత్తితో పనిచేసే కళాకారులకు కూడా ఇది వర్తిస్తుంది. పని తరువాత కొన్ని గంటలు చెవికి విశ్రాంతినివ్వడం మేలు.

మూసివేత వలన కీడు కూడా ఉంది. పట్టాల వెంట నడిచేవారికి, దాటేవారికి రైలు కూత వినిపించదు. విద్యుత్ ఇంజనుతో వచ్చే రైలు చప్పుడు దగ్గరకు వచ్చేవరకు తెలియదు. పట్టాలపై అనుమతి లేకుండా నడవడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం నేరం కూడా. రోడ్డు దాటేటపుడు, సైకిలు లేక మోటారు సైకిలు నడిపేటపుడు రెండు చెవుల నుండీ ఇయర్‌ఫోన్లను తీసివేయాలి.

శుభ్రత

చెవి గులిమి, చెమట చేరితే ఒక వైపు ధ్వని తగ్గుతుంది. వారానికి ఒకసారి తొడుగులను తీసి గోరువెచ్చని సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాత తొడగాలి. నురుగు తొడుగులను కడగక మార్చడమే మంచిది. మొనలోని జాలీని పొడి మెత్తని బ్రష్‌తో, రంధ్రం క్రిందికి ఉండేలా పట్టుకొని తుడవాలి. ఒకరి ఇయర్‌ఫోన్‌ను మరొకరు వాడరాదు. చెవిలో చీము, దురద, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

ఇవి కూడా చూడండి

* చెవి
* ధ్వని
* డెసిబెల్
* శబ్ద కాలుష్యం
* ఒగ్గుకథ