రహదారి తప్పుకు మూడు లెక్కలు

మితిమీరిన వేగముతో మోటారు వాహనము నడిపినవాని చేతికి పోలీసు ఉద్యోగి ఒక చీటీ ఇచ్చును. అందులో వ్రాసిన జరిమానా చెల్లించినచో వ్యవహారము ముగిసినదని సామాన్యముగా అనుకొందురు. కాని బ్రిటన్, అమెరికా వంటి దేశములలో అది అక్కడితో ముగియదు. ఆ ఒక్క తప్పే మూడు పుస్తకములలోనికి ఎక్కును. మొదటిది న్యాయస్థానపు పుస్తకము. అందులో జరిమానా నిర్ణయమగును. రెండవది లైసెన్సు కార్యాలయపు పుస్తకము. ఆ మనిషి ఇకముందు వాహనము నడపవచ్చునా, లేదా అన్నది అందులో తేలును. మూడవది భీమా సంస్థ పుస్తకము. రాబోవు సంవత్సరములలో అతడు చెల్లింపవలసిన ప్రీమియము అందులో లెక్కకు వచ్చును.

ఈ మూడు పుస్తకములు ఒకేసారి పుట్టినవి కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క అవసరమునుబట్టి ఏర్పడినది. ఏది ఎందుకు ఏర్పడినదో తెలిసినగాని, ఒకే తప్పునకు మూడుసార్లు మూల్యము చెల్లించుట న్యాయమేనా అన్న ప్రశ్నకు సమాధానము దొరకదు.

ఒక షిల్లింగు జరిమానా

ఇంగ్లండులో 1865 నాటి చట్టము ప్రకారము యంత్రశక్తితో నడుచు బండి పట్టణములలో గంటకు 2 మైళ్లు, పల్లె దారులలో 4 మైళ్లు మించి పోరాదు. ఆవిరియంత్రపు బరువు బండ్లను దృష్టిలో పెట్టుకొని చేసిన శాసనమది. 1896 జనవరిలో కెంట్ మండలములోని ప్యాడక్ వుడ్ గ్రామము గుండా వాల్టర్ ఆర్నాల్డ్ అను నతడు గంటకు సుమారు 8 మైళ్ల వేగముతో మోటారు బండి నడిపినాడు. ఒక పోలీసు సైకిలుపై వెంబడించి అతనిని పట్టుకొన్నాడు. వేగపు నేరమునకు పడిన జరిమానా ఒక షిల్లింగు. మితిమీరిన వేగమునకు మోటారు నడిపినవానిపై పడిన మొదటి శిక్షగా దీనిని చెప్పుదురు.

ఆనాటికి బండికి నంబరు లేదు; నడుపువానికి లైసెన్సు లేదు. షిల్లింగు చెల్లించిన మరుక్షణమునుండి ఆర్నాల్డ్ తిరిగి నిర్దోషియే. మోటారు కొనగల ధనవంతునికి షిల్లింగు ఒక లెక్క కాదు. జరిమానా జరిగిపోయిన పనికి శిక్ష మాత్రమే. రేపు ఏమి జరుగునన్నది దానికి పట్టదు. ఈ లోపమే రెండవ పుస్తకమునకు కారణమైనది.

జేబులో తిరుగు చరిత్ర

1903లో బ్రిటిషు పార్లమెంటు మోటారు కార్ల చట్టము చేసినది. 1904 జనవరి 1 నుండి ప్రతి బండికి నంబరు, ప్రతి చోదకునికి లైసెన్సు తప్పనిసరి అయినవి. ఆ లైసెన్సుకు పరీక్ష లేదు. 5 షిల్లింగులు చెల్లించిన చాలును. నిర్బంధ పరీక్ష 1935లో గాని రాలేదు. అయినను 1903 చట్టములో ఒక కొత్త సంగతి ఉన్నది. శిక్షపడిన తప్పును న్యాయస్థానము లైసెన్సు మీదనే వ్రాయించవలెను. అవసరమనుకొన్నచో లైసెన్సును కొంతకాలము నిలిపివేయవచ్చును. చోదకుని పూర్వచరిత్ర అతని జేబులోనే తిరుగసాగినది.

ఆ చట్టములోనే ఒక మినహాయింపు కూడ కలదు. కేవలము వేగపరిమితిని దాటిన తప్పు మొదటిసారి, రెండవసారి జరిగినపుడు దానిని లైసెన్సుపై వ్రాయనక్కరలేదు. తప్పును గుర్తుంచుకొను ఏర్పాటుతోపాటే దానిని కొంతవరకు మరచిపోవు ఏర్పాటు కూడ పుట్టినదన్నమాట.

గాయపడినవాని సంగతి

జరిమానా ప్రభుత్వపు ఖజానాకు పోవును. లైసెన్సు నిలిపివేయుట రాబోవు ప్రమాదమును తప్పించవచ్చును. కాని బండి క్రింద పడి కాలు విరిగినవానికి ఈ రెంటివలన ఒరుగునది లేదు. నడిపినవానికి ఆస్తి లేనిచో న్యాయస్థానము నష్టపరిహారపు డిక్రీ ఇచ్చినను అది కాగితమే.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రము 1925లో చేసిన చట్టము ప్రకారము ప్రమాదములో చిక్కుకొన్న చోదకుడు ఇకముందు పరిహారము ఇచ్చుకొనగలనని రుజువు చూపవలెను. అయితే ఆ రుజువు అడుగునది మొదటి ప్రమాదము జరిగిన తరువాతనే. మొదటి బాధితునికి రక్షణ లేదు. పొరుగు రాష్ట్రమైన మసాచుసెట్స్ మరొక దారి పట్టినది. 1927 నుండి అక్కడ భీమా లేని బండికి రిజిస్ట్రేషనే లేదు. బ్రిటన్ 1930 నాటి రహదారి చట్టముతో మూడవ పక్షపు భీమాను నిర్బంధము చేసినది. మన దేశములో 1939 నాటి మోటారు వాహనముల చట్టములో ఈ నిబంధన చేరినది; ఆ అధ్యాయము 1946 జులై 1 నుండి అమలులోనికి వచ్చినది.

భీమా నిర్బంధమైన నాటినుండి ప్రీమియము మామూలు ధర వంటిది కాదు. అది చెల్లించలేనివాడు లైసెన్సు ఉండియు బండిని రోడ్డు మీదికి తీయలేడు. కాబట్టి ఎవరు ఎంత చెల్లించవలెనన్నది న్యాయమునకు సంబంధించిన ప్రశ్న అయినది.

సంభావ్యత చెప్పు సంగతి

భీమా సంస్థ శిక్షించునది కాదు, అంచనా వేయునది. ప్రమాదములు అరుదుగా జరుగునవి. ఒకనికి ఒక సంవత్సరము ప్రమాదము జరుగలేదన్నంత మాత్రాన అతడు జాగ్రత్తపరుడని చెప్పలేము. అందరి అపాయము సమానమే అయినచో, ఎందరికి సున్న, ఎందరికి ఒకటి, ఎందరికి రెండు ప్రమాదములు జరుగునో ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ 1837లో ప్రకటించిన సూత్రముతో లెక్కకట్టవచ్చును. 1920లో గ్రీన్‌వుడ్, యూల్ అను ఇద్దరు బ్రిటిషు శాస్త్రజ్ఞులు ఆయుధ కర్మాగారములలోని స్త్రీ కార్మికుల ప్రమాదములను పరిశీలించిరి. లెక్క ఆ సూత్రముతో సరిపడలేదు. అందరి అపాయము సమానము కాదని, మనిషికి మనిషికి భేదమున్నదని అనుకొన్నపుడు బాగుగా సరిపడినది. ఆ భేదమును ముందుగా కనుగొనుటకు ఏదైన గుర్తు కావలెను. చోదకుల విషయములో జరిమానా చీటీ అట్టి గుర్తు.

దీనిని ఒక ఊహా లెక్కతో చూడవచ్చును. వెయ్యిమంది చోదకులలో 800 మంది జాగ్రత్తపరులు, 200 మంది అజాగ్రత్తపరులు అనుకొందము. సంవత్సరములో చీటీ పడుట జాగ్రత్తపరులలో పదింట ఒకరికి, అజాగ్రత్తపరులలో ఇద్దరిలో ఒకరికి. ప్రమాదము మొదటివారిలో నూటికి 2, రెండవవారిలో నూటికి 10. అప్పుడు చీటీ పడినవారు 80, 100 కలిసి 180 మంది. మరుసటి ఏడు వీరిలో సుమారు 12 ప్రమాదములు, అనగా నూటికి ఆరుకు పైగా జరుగును. చీటీ పడని 820 మందిలో సుమారు 24, అనగా నూటికి మూడు. చీటీ పడినవారి అపాయము రెట్టింపునకు మించినది. భీమా సంస్థ వారినుండి ఎక్కువ అడుగుటకు ఆధారమిదే.

కాని ఇదే లెక్కలో మరి రెండు సంగతులు గలవు. చీటీ పడిన 180 మందిలో 80 మంది జాగ్రత్తపరులే. అనగా నూటికి 44 మంది. మొత్తము 36 ప్రమాదములలో 24 చీటీ పడనివారి వలననే జరిగినవి. కాబట్టి ఒక చీటీ మనిషిని గూర్చిన తీర్పు కాదు, అనుమానము మాత్రమే. వరుసగా రెండేండ్లు చీటీ పడినవారిని చూచినచో సంగతి మారును. వారు జాగ్రత్తపరులలో 8 మంది, అజాగ్రత్తపరులలో 50 మంది. ఇప్పుడు 58 మందిలో 50 మంది, అనగా నూటికి 86 మంది నిజముగా అజాగ్రత్తపరులు. మొదటి తప్పును మన్నించి, మాటిమాటికి జరుగు తప్పును పట్టుకొనుట దయ మాత్రమే కాదు, గణితము కూడ.

పాయింట్ల పద్ధతి

ఈ వివేకమునకు శాసనరూపము పాయింట్ల పద్ధతి. తప్పు తీవ్రతనుబట్టి పాయింట్లు వేసి, నిర్ణీత కాలములో అవి హద్దు దాటినచో లైసెన్సును నిలిపివేయుదురు. జర్మనీలో ఫ్లెన్స్‌బుర్గ్ పట్టణమున 1958లో కేంద్ర రిజిస్టరు, 1974లో పాయింట్లు ఏర్పడినవి. బ్రిటన్‌లో 1982 నుండి పాయింట్ల లెక్క వచ్చినది. అక్కడ మూడేండ్లలో 12 పాయింట్లు చేరినచో సాధారణముగా కనీసము ఆరు నెలలు వాహనము నడుపరాదు. పరీక్ష నెగ్గిన రెండేండ్లలోపల 6 పాయింట్లు చేరిన కొత్త చోదకుని లైసెన్సు రద్దగును. అతడు మరల పరీక్షకు కూర్చొనవలెను.

పాయింట్లకు, ప్రీమియమునకు గల సంబంధము కాలిఫోర్నియాలో స్పష్టముగా కనబడును. 1988లో అక్కడి ఓటర్లు ఆమోదించిన 103వ ప్రతిపాదన ప్రకారము ప్రీమియమును నిర్ణయించుటలో చోదకుని భద్రతా చరిత్ర ప్రధానము. తరువాత ఏడాదికి నడుపు మైళ్లు, అనుభవపు ఏండ్లు. మంచి చోదకునికి కనీసము నూటికి 20 తగ్గింపు ఇయ్యవలెను. మూడేండ్లలో ఒక పాయింటు ఉన్నను ఈ తగ్గింపు పోదు. రెండవది చేరినచో పోవును. 1000 డాలర్ల ప్రీమియములో 800 మాత్రమే చెల్లించుచున్నవాడు 1000 చెల్లించవలసివచ్చును; అనగా అతని ఖర్చు నూటికి 25 పెరుగును. అది ఒక్క ఏడుతో ఆగక పాయింట్లు లెక్కలో ఉన్నంతకాలము సాగును గనుక, చీటీ మీది జరిమానా కన్న ఇదే పెద్ద మొత్తము కావచ్చును.

ఫ్రాన్సు వేరొక దారి పట్టినది. 1976 నాటి పద్ధతిలో అక్కడి భీమా లెక్కించునది స్వయముగా చేసిన ప్రమాదములను. ప్రమాదము లేని ప్రతి ఏడు ప్రీమియము 0.95తో గుణింపబడి తగ్గును. తన తప్పువలన జరిగిన ప్రతి ప్రమాదమునకు 1.25తో గుణింపబడి పెరుగును. వరుసగా రెండేండ్లు ప్రమాదము లేనిచో పెరిగిన భారము తొలగి లెక్క మరల 1కి వచ్చును.

మన దేశములో

మన దేశములో ఈ మూడు పుస్తకములు ఇంకను పూర్తిగా కలియలేదు. 2019 సవరణ జరిమానాలను పెంచినది. త్రాగి నడుపు మొదటి నేరమునకు 2,000 రూపాయలుగా ఉన్న గరిష్ఠ జరిమానా స్థానమున 10,000 వచ్చినది. లైసెన్సు విషయములో తెలంగాణ 2017 ఆగస్టు 1న పాయింట్ల పద్ధతిని ప్రవేశపెట్టి, 24 నెలలలో 12 పాయింట్లు చేరినవాని లైసెన్సు ఒక ఏడు నిలిచిపోవునని నిర్ణయించినది. భీమాలో పరిహారము అడుగని ఏండ్లకు ఇచ్చు తగ్గింపు నూటికి 20తో మొదలై 50 వరకు పెరుగును. అది స్వంత వాహనపు నష్టమునకు చెల్లించు ప్రీమియము మీదనే. చలానాలనుబట్టి అదనపు ప్రీమియము వేయవలెనని హైదరాబాదులో ప్రధాన కార్యాలయముగల భీమా నియంత్రణ సంస్థ నియమించిన కార్యవర్గము 2021లో సూచించినది. త్రాగి నడుపుటకు 100 పాయింట్లు, తప్పుచోట బండి నిలుపుటకు 10 పాయింట్లు అని అందులో ప్రతిపాదించిరి.

అనుమతియా, జీవనాధారమా

లైసెన్సు జన్మహక్కు కాదు, ప్రభుత్వమిచ్చు అనుమతి అని వాదించువారు కలరు. 1971లో అమెరికా సుప్రీముకోర్టు బెల్ వర్సస్ బర్సన్ వ్యాజ్యములో దీనిని విచారించినది. జార్జియా రాష్ట్రములో ఊరూర తిరుగు ఒక మతాచార్యుని కారు ప్రక్కకు ఒక బాలిక సైకిలు తగిలినది. ఆయనకు భీమా లేదు. తప్పు ఎవరిదో విచారింపకయే, హామీసొమ్ము కట్టనిచో లైసెన్సు నిలిపివేయవచ్చునని రాష్ట్ర శాసనము. ఒకసారి ఇచ్చిన లైసెన్సు మనిషి జీవనోపాధికి ఆధారము కావచ్చునని, తగిన విచారణ లేనిదే దానిని తీసివేయరాదని కోర్టు తీర్పు చెప్పినది.

లారీ, టాక్సీ నడిపి బ్రతుకువానికి ఈ తీర్పులోని భావము సులభముగా అర్థమగును. అతడు రోజంతయు రోడ్డుమీదనే ఉండును. పోలీసు కంట పడు అవకాశమును అతనికే ఎక్కువ. చీటీల సంఖ్య అజాగ్రత్తను మాత్రమే గాక, మనిషి ఎంత దూరము తిరిగినాడో, ఏ దారిలో పోలీసు నిలిచినాడో కూడ కొలుచును. అందువలన చీటీని లెక్కలోనికి తీసికొను ఏ పద్ధతికైనను మూడు కట్టుబాట్లు అవసరము: తప్పు నిజముగా జరిగినదా అని విచారణ, ఒక్క తప్పునకు మన్నింపు, కొంతకాలము సక్రమముగా నడిపినచో పాతదానిని కొట్టివేయుట. 1903 నాటి మినహాయింపు, కాలిఫోర్నియా మొదటి పాయింటు, ఫ్రాన్సు రెండేండ్ల గడువు ఈ అవసరమునే వేరువేరు రీతుల తీర్చినవి. మన దేశములో మూడు పుస్తకములు ముందు ముందు కలిసినచో, వానిలో ఏమి వ్రాయవలెనన్న దానితోపాటు ఎప్పుడు కొట్టివేయవలెనన్నది కూడ ముందుగనే నిర్ణయింపవలసి ఉండును.