రెండు భాషల ముదిమి

సైదాబాదు వాసిని ‘మీకెన్ని భాషలు వచ్చు?’ అని అడిగితే జవాబు చెప్పడానికి కొంచెం తడుముకుంటాడు. ఇంట్లో తెలుగు, అంగట్లో దక్కనీ, పిల్లల బడిలో ఇంగ్లీషు. ఐ.ఎస్. సదన్ కూడలిలో ఒక భాషలో మొదలైన బేరం మరో భాషలో తెగుతుంది. దీన్ని చదువని ఎవరూ అనుకోలేదు.

ఈ కలయికకు చరిత్ర ఉన్నది. నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాష. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే బోధించింది. అధికసంఖ్యాకుల భాషను బడి గడప బయట నిలిపిన ఆ ఏలుబడిని మెచ్చుకోనక్కరలేదు. కానీ బడి ముఖమెరుగని వారికి సైతం ఈ నగరపు వీధులు రెండో భాషను ఉచితంగా నేర్పాయి. ఆ తరమే ముదిమిలో నిమ్స్ ఆసుపత్రి మతిమరుపు వైద్యశాలకు వచ్చింది.

అంతకు ముందు, 2007లో, టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలవారిలో డిమెన్షియా సుమారు నాలుగేళ్ళు ఆలస్యంగా తలయెత్తిందని తెలిపింది. వెంటనే ఆక్షేపణ వచ్చింది: అక్కడి ద్విభాషులలో ఎక్కువమంది వలస వచ్చినవారు. సముద్రాలు దాటి వచ్చినవాడు మొదటినుంచీ గట్టివాడే కావచ్చును గదా!

దీనికి జవాబు హైదరాబాదులో దొరికింది. ఇక్కడ రెండో భాష కోసం ఊరు విడువనక్కరలేదు. డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడింబరోకు చెందిన థామస్ బాక్, వారి సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను 2013లో ప్రకటించారు. వారిలో 391 మంది ఒకటికి మించిన భాషలు మాట్లాడేవారు. జబ్బు మొదలైన సగటు వయసు ఏకభాషులలో 61.1, తక్కినవారిలో 65.6. నిరక్షరాస్యులలోనూ ఈ తేడా కనిపించింది, అదీ ఆరేళ్ళు! అందుచేత ఇది చదువు మహిమ మాత్రమే అనడానికి వీల్లేకపోయింది. మూడు, నాలుగు భాషలు వచ్చినందువల్ల అదనపు మేలేమీ తేలలేదు (బహుభాషా కోవిదులు మన్నింతురు గాక).

ఒక భాష పలికేటప్పుడు రెండోదాన్ని అణచి ఉంచడం మెదడుకు నిత్యసాధన అనీ, జబ్బు లోపల పెరుగుతున్నా ఆ సాధన మూలంగా మెదడు మరికొంత కాలం నెట్టుకొస్తుందనీ పరిశోధకుల ఊహ.

అయితే ఇదంతా జబ్బు పడినవారిని వెనక్కి తిరిగి అడిగి తెలుసుకున్నది. మరపు ఎప్పుడు మొదలైందో ఇంటివారు జ్ఞాపకం మీద చెప్పవలసిందే. ఆరోగ్యవంతులను ఏళ్ళ తరబడి వెంబడించిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక 2017 సమీక్షకు ఈ మేలు కనబడలేదు. వివాదం తీరలేదు.

స్కాట్లండు వారికి ఒక అదృష్టం కలిసివచ్చింది. 1947లో పదకొండేళ్ళ పిల్లలకు పెట్టిన తెలివి పరీక్ష ఫలితాలు భద్రంగా నిలిచాయి. వారిలో 853 మందిని 2008-2010 నడుమ, డెబ్బై మూడేళ్ళ ప్రాయంలో, మళ్ళీ పరీక్షించారు. రెండో భాష నేర్చినవారు బాల్యపు మార్కులను బట్టి ఊహించదగినంత కన్న మెరుగ్గా ఉన్నారని 2014లో బాక్ బృందం చూపింది. పెద్దయ్యాక నేర్చినవారికీ ఇది వర్తించింది.

మనవైపు అటువంటి పని తెలుగు, కన్నడం కలిసి వినిపించే కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో మొదలైంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మెదడు పరిశోధన కేంద్రం నలభై అయిదేళ్ళు దాటిన పదివేలమందిని ఏళ్ళ తరబడి పరీక్షించాలని సంకల్పించి, 2018లో చేర్చుకోవడం ఆరంభించింది. ఆనాడు నలభై అయిదేళ్ళున్నవారు ఆ స్కాట్లండు వృద్ధుల వయసుకు చేరేది 2046లో.