ప్రసూతి ఆరోగ్యంలో ఫార్మసిస్టు

గర్భిణులకు, బాలింతలకు డాక్టరు రాసిన మందులిచ్చి, వాటిని ఎలా వాడాలో చెప్పడం వీధి మందుల షాపులోని ఫార్మసిస్టు బాధ్యత. భారతదేశంలో ఈ వృత్తికి ఆధారం 1948 నాటి ఫార్మసీ చట్టం. మందుల వాడకంపై రోగికి సలహా ఇవ్వడాన్ని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు విధుల్లో చేర్చాయి.

ఈ సలహా ఎక్కువగా అక్కరకొచ్చేది రక్తహీనత విషయంలో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 52.2 శాతం గర్భిణులకు రక్తహీనత ఉంది. నాలుగో నెల నుంచి రోజూ వేసుకోవలసిన ప్రభుత్వ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. వికారం పుట్టిందనో, విరేచనం నల్లగా అయిందనో చాలామంది మధ్యలో మానేస్తారు. “నల్లగా రావడం మాత్ర వల్లేనమ్మా, భయం లేదు. టీతో మాత్రం వేసుకోవద్దు, కాల్షియం బిళ్లకూ దీనికీ రెండు గంటలు ఎడం ఉండాలి” అని కౌంటరు దగ్గరే చెబితే ఆ కోర్సు పూర్తయ్యే అవకాశం పెరుగుతుంది.

నడుంనొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అడిగేవారిని ముందుగా ఎన్నో నెల అని అడగాలి. 20 వారాలు దాటాక ఇవి బిడ్డ మూత్రపిండాలకు హాని చేయవచ్చు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాయడం గుర్రపువాతానికి దారితీసే అధిక రక్తపోటు లక్షణాలు కావచ్చు. అలాంటప్పుడు నొప్పి బిళ్ల ఇచ్చి పంపడం ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి పంపాలి. గర్భస్రావపు మాత్రలను చీటీ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం.