గుండెపోటు: ఆసుపత్రిలో జారిపోయే నిమిషాలు

గుండె కండరానికి రక్తం తెచ్చే ధమనిని గడ్డ పూర్తిగా మూసేస్తే వచ్చే తీవ్రమైన గుండెపోటును వైద్యులు ‘స్టెమి’ అంటారు. రక్తం అందని కండరం దాదాపు అరగంటకే చచ్చిపోవడం మొదలవుతుంది. చికిత్స ఉంది; వేళకు అందించడంలోనే చిక్కంతా.

రోగి ఆసుపత్రికి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. చూడ్డానికి చిన్న పనే. కానీ చెమటతో తడిసిన ఛాతీ మీద ఈసీజీ పట్టీలు నిలవవు. గుడ్డతో తుడిచి, ఒక్కోసారి వెంట్రుకలు గీసి మళ్లీ అంటించాలి. రోగి నొప్పికి మెలికలు తిరుగుతుంటే కాగితం మీద గీత వణికిపోతుంది. మొదటి ఈసీజీ మామూలుగా ఉందని ఇంటికి పంపడం ప్రమాదం. నొప్పి తగ్గకపోతే కాసేపటికి మళ్లీ తీసి చూడాలి. మధుమేహులు, వృద్ధులు, ఆడవాళ్లలో కొందరికి ఛాతీ నొప్పే ఉండదు, ఆయాసమో వాంతులో నీరసమో ఉంటుంది. ‘గ్యాస్ పట్టేసింది’ అనుకుని ఇంట్లోనే కాదు, ఆసుపత్రిలోనూ విలువైన గంటలు పోగొడతారు.

యాంజియోప్లాస్టీ మేలైన చికిత్స. ఆసుపత్రికి వచ్చిన 90 నిమిషాల్లో మూసుకున్న ధమనిని తెరవాలన్నది లక్ష్యం. ఆ చికిత్స చేసే క్యాథ్‌ల్యాబ్‌లు ఎక్కువగా పెద్ద ఊళ్లలోనే ఉన్నాయి. 120 నిమిషాల్లో అక్కడ చికిత్స అందే వీలు లేనివారికి గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఇవ్వాలి. నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇది పనికొస్తుంది, ఎంత ముందైతే అంత మేలు. అయితే మెదడులో రక్తస్రావం జరిగే ముప్పు కొద్దిగా ఉంటుంది. నిపుణుడు లేని రాత్రి డ్యూటీ డాక్టరు ఆ భయంతోనే ఇంజెక్షన్ ఇవ్వకుండా పెద్ద ఆసుపత్రికి రెఫర్ చేసేస్తాడు. ఆయన్ని తప్పుపట్టలేం, కానీ ఒంటరిగా వదిలేయకూడదు. 2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చాక ఖర్చు భయం కొంత తగ్గినా, పెద్ద కొడుకు వచ్చి చికిత్సకు ఒప్పుకుంటూ సంతకం పెట్టేదాకా ఆగడం ఇంకా పోలేదు.

డ్యూటీ డాక్టరు ఒంటరితనానికి విరుగుడుగా ఆంధ్రప్రదేశ్ 2023లో స్టెమి కార్యక్రమం మొదలుపెట్టింది. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్ద ఆసుపత్రిలోని గుండె వైద్యుడు దూరం నుంచే చూసి సలహా ఇస్తాడు. దాదాపు 40 వేల రూపాయల ఇంజెక్షన్‌ను ఆ చిన్న ఆసుపత్రిలోనే ఉచితంగా వేస్తారు.

ఇంజెక్షన్‌తో పని అయిపోదు. గంట, గంటన్నరలో స్టెమి వల్ల ఈసీజీలో పైకి లేచిన గీత కనీసం సగం దిగకపోతే వెంటనే యాంజియోప్లాస్టీ చేయాలి; దిగినా 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ అవసరం. కాబట్టి ఫలితం కోసం కూర్చోకుండా, ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే రోగిని పంపాలి. అదీ మానిటరు, షాక్ యంత్రం ఉన్న అంబులెన్సులోనే. అద్దె కారులో తీసుకెళ్తే, దారిలో గుండె లయ తప్పినప్పుడు పక్కనున్నవాళ్ల దగ్గర ఆ షాక్ ఇచ్చే సాధనమే ఉండదు.