ఊరి మురుగునీరు పొలానికి పెట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో చాలా ఊళ్ల మురుగు కాలువలు ఊరి చివర పొలంలోనో, చెరువులోనో, కృష్ణా, తుంగభద్రల్లో కలిసే వాగులోనో పడుతున్నాయి. ఇంటింటికీ నల్లా వచ్చాక ఈ నీరు ఎండాకాలంలోనూ పారుతోంది. బోరు ఎండిన రైతుకు ఇది ఆదరువే. కానీ శుద్ధి చేయకుండా పారిస్తే నేల, బావి, ఇంటిల్లిపాది ఆరోగ్యం దెబ్బతింటాయి.

ఎంత నీరు వస్తుంది?

మిషన్ భగీరథ కింద పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది లెక్క. అందులో 70 శాతం వాడుక నీరుగా బయటికి వస్తే, 1,500 మంది ఉన్న ఊరి నుంచి రోజుకు లక్ష లీటర్లు వస్తాయి. ఎకరాకు ఒక అంగుళం తడి ఇవ్వడానికి సరిపోయే నీరు ఇది. కాబట్టి వరి కన్నా ఆరుతడి పంటలకు వాడుకోవడం మేలు.

ఏ నీరు అసలు వాడకూడదు?

సెప్టిక్ ట్యాంకు గొట్టాలు కలిసిన కాలువ నీరు, ఆసుపత్రులు, మెకానిక్ షెడ్లు, పరిశ్రమల నుంచి వచ్చే నీరు పొలానికి పనికిరావు. ముందుగా కాలువ వెంట నడిచి, అందులో ఏమేమి కలుస్తున్నాయో చూసుకోండి.

శుద్ధి ఎలా?

1. కాలువ చివర ఇనుప జాలీ పెట్టి ప్లాస్టిక్, చెత్త ఆపండి.
2. తర్వాత తొట్టి కట్టి ఇసుక, బురద దిగనివ్వండి. పూడిక ఎప్పటికప్పుడు తీయండి.
3. అక్కడి నుంచి కంకర మడిలోకి పంపండి. అందులో జమ్ము, మెట్ట తామర నాటాలి. ఇక్రిశాట్ కూడా పల్లెల మురుగునీటికి ఇలాంటి మొక్కల మడులు వేయించింది. మనిషికి 1 నుంచి 2 చదరపు మీటర్ల మడి కావాలి. అంటే 1,500 మందికి 15 నుంచి 30 గుంటలు.
4. చివరగా 8 నుంచి 10 రోజులు కుంటలో నిలువ ఉంచితే నులిపురుగుల గుడ్లు చాలావరకు అడుగుకు దిగుతాయి.

ఇది ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ (గ్రామీణ్) రెండో దశలో వాడుక నీటి నిర్వహణ కూడా ఉంది. గ్రామసభలో అడిగి తీర్మానం చేయించండి. జాగా లేని చోట ఇంటింటికీ ఇంకుడు గుంత మేలు. తాగునీటి బావికి, బోరుకు కనీసం 10 మీటర్ల దూరంలో తవ్వాలి.

నీటి పరీక్ష

శుభ్రమైన సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, లీటరు నీరు పట్టి పరీక్షకు పంపండి. లవణ సూచిక (ఇ.సి.) 0.75 లోపు ఉంటే మంచిది. 0.75 నుంచి 2.25 వరకు ఉంటే మంచినీటితో కలిపి వాడండి. 2.25 దాటితే వాడవద్దు. సబ్బు నీటిలోని సోడియం వల్ల నల్లరేగడి గట్టిపడి నీరు ఇంకదు. ఎర్ర చల్కల్లో నత్రజని బావిలోకి దిగుతుంది.

ఏ పంటలకు?

• పశుగ్రాసం, పత్తి, కలప చెట్లకు పెట్టవచ్చు. పశుగ్రాసాన్ని కోసి ఎండలో వాడ్చి మేపండి.
• ఆకుకూరలు, కొత్తిమీర, ఉల్లి, టమాట, కీర, ముల్లంగికి వద్దు. వేరుశనగ కాయ మట్టిలోనే ఊరుతుంది, పచ్చికాయ మనమే తింటాం. దానికీ వద్దు.
• పండ్ల తోటలకు కోతకు రెండు వారాల ముందే ఈ నీరు ఆపండి. రాలిన కాయలు ఏరుకోవద్దు.
• గద్వాల ప్రాంతంలో విత్తన పత్తి క్రాసింగ్‌కు కూలీలు రోజంతా సాళ్లలోనే ఉంటారు. ఆ రోజుల్లో ఈ నీరు పారించవద్దు.

యూరియా తగ్గించండి

ఈ నీటిలోనే నత్రజని ఉంటుంది. హైదరాబాద్ దిగువన మూసీ నీటితో సాగు చేసే రైతుల వరి ఏపుగా పెరిగి పడిపోవడం తెలిసిందే. పత్తిలో ఆకు పెరిగి పచ్చదోమ ఎక్కువవుతుంది. ఆకు రంగు చూసి యూరియా మోతాదు తగ్గించండి.

మీ రక్షణ

కొంకి పురుగు వట్టి కాళ్ల చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. బూట్లు, చేతి తొడుగులు లేకుండా దిగవద్దు. స్ప్రింక్లర్లతో చల్లవద్దు, సాళ్లలో పారించండి. పిల్లలను దూరంగా ఉంచండి. పని కాగానే చేతులు, కాళ్లు సబ్బుతో కడిగాకే అన్నం తినండి.

మరిన్ని వివరాలకు మీ మండల వ్యవసాయ అధికారిని, పాలెం లేదా మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించండి. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551.