గూడవల్లి రామబ్రహ్మము (1902–1946)

తెలుగు చలనచిత్ర దర్శకుడు, పత్రికా సంపాదకుడు. కృష్ణా జిల్లాలోని నందమూరు గ్రామమున 1902లో జన్మించెను. 'ప్రజామిత్ర' సంపాదకుడుగా పేరొందిన పిమ్మట దర్శకత్వమునకు పూనుకొన్న ఈయన, లేఖినిని విడిచిపెట్టి తెరను చేపట్టెననుటకంటె, పత్రిక చదువనేరని కోట్లాది జనమునకు చెప్పవలసిన మాటను చెప్పుటకై తెరనే పత్రికగా మార్చుకొనెననుట సమంజసము.

బెజవాడలో పోతిన శ్రీనివాసరావు 1921లో మారుతీ సినిమా హాలును నెలకొల్పినది మొదలు కృష్ణాతీర వాసులకు బొమ్మలాట అలవడినను, 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు తెర మాట నేర్చిన తరువాత కొన్ని సంవత్సరముల వరకు పురాణకథలదే పైచేయిగా నుండెను. అట్టి తరుణమున చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాదు ధనసహాయముతో నెలకొన్న సారథీ సంస్థ పక్షమున రామబ్రహ్మము 1938లో 'మాలపిల్ల'ను నిర్మించెను. కథ గుడిపాటి వెంకటచలముది. సంభాషణలు తాపీ ధర్మారావువి. అప్పటికి అయిదేండ్ల క్రిందటనే కాలధర్మము నొందిన బసవరాజు అప్పారావు గేయములును ఇందు చేరినవి.

కల్యాణపుర గ్రామమున మాలలకు గుడి లేదు, చెరువు నీరు లేదు. ఆ కట్టుబాటును కాపాడు పూజారి సుందరరామశాస్త్రి కుమారుడు నాగరాజు, మాలపిల్లయగు శంపాలతను ప్రేమించి, ఆమెతో కలకత్తాకు వెడలిపోవును. శాస్త్రిని మార్చినది వాదము కాదు: ఇల్లు తగులబడుచుండగా ఆయన భార్యను మంటలలోనుండి మోసికొని వచ్చినవి ఒక మాలవాని చేతులు. అంటరానివని తాను జీవితమంతయు దూరముంచిన చేతులే తన ఇల్లాలిని బ్రతికించుట కన్నులార చూచిన మనుష్యునకు శాస్త్రము ఏమి చెప్పగలదు? ఈ ఘట్టమే చిత్రమునకు ప్రాణము. శంపాలతగా కాంచనమాల, శాస్త్రిగా తెనాలి నాటకరంగమునుండి వచ్చిన గోవిందరాజుల సుబ్బారావు నటించిరి. చిత్రమును చూచి వచ్చిన కొందరు స్నానము చేసిన పిమ్మటగాని ఇంట అడుగిడలేదని నాటివారు చెప్పుకొనిరి. మధురలో మీనాక్షి ఆలయ ద్వారములు హరిజనులకు తెఱువబడినది ఆ మరుసటి సంవత్సరమే.

1939లో వచ్చిన 'రైతుబిడ్డ' మఱింత సాహసోపేతము. జమీందారీ సమస్యపై ప్రకాశము పంతులు అధ్యక్షతన విచారణ సంఘము పనిచేసి ఎంతో కాలము కాలేదు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజా వి.వి. గిరి చేతిలో ఓడిపోయిన వార్త జనుల నోళ్లలో ఇంకను నానుచుండెను. జమీందారు నిలిపిన అభ్యర్థిని కాదని రైతు అభ్యర్థికి ఓటు వేసినందుకు నర్సిరెడ్డి యను కర్షకుడు పడిన యాతనయే ఇందలి కథ. బళ్లారి రాఘవ ఆ పాత్రను ధరించెను. కొసరాజు పాటలు వ్రాసెను. కూచిపూడికి చెందిన వేదాంతం రాఘవయ్య నృత్యమును సమకూర్చెను. జమీందారుల ఒత్తిడి ఫలితముగా కొన్ని జిల్లాలలో ప్రదర్శన నిషేధింపబడెను. ఒక జమీందారు సొమ్ముతోనే జమీందారీ దౌష్ట్యమును చూపిన చిత్రము వెలువడుట మన సినిమా చరిత్రలో విశేషముగా గణింపదగినది. భూమి కోల్పోయిన కర్షకుల గాథను అమెరికా దర్శకుడు జాన్ ఫోర్డ్ 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' పేర తెరకెక్కించినది 1940లో. ఆ పాటికే మన రైతు తెరపై నిలిచియుండెను.

తదుపరి 'ఇల్లాలు' (1940), 'అపవాదు' (1941), 'పత్ని' (1942), 'పంతులమ్మ' (1943), 'మాయాలోకం' (1945) వెలువడినవి. 'మాలపిల్ల', 'రైతుబిడ్డ'ల తీక్ష్ణత వీనిలో కానరాదు.

'పల్నాటి యుద్ధము' చిత్రీకరణము సాగుచుండగనే 1946లో రామబ్రహ్మము మరణించెను. మిగిలిన భాగమును ఎల్.వి. ప్రసాదు పూర్తిచేయగా 1947లో అది విడుదలయ్యెను. మాలలకు చెరువు నీరు నిరాకరించిన శాస్త్రిగా తొమ్మిదేండ్ల క్రిందట తెరపై కనిపించిన గోవిందరాజుల సుబ్బారావే ఇందు, సర్వకులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించిన బ్రహ్మనాయుడు.